సగం పని ఉలిది

ఇంగ్లండ్ ఉత్తరాన, కార్లైల్ పట్నానికి దక్షిణంగా ఐదారు మైళ్ల దూరంలో రియా అని ఒక చిన్న ఊరుంది. అక్కడి సెయింట్ మేరీ చర్చిలో బాప్టిజం తొట్టి మీద ఒక మూత ఉంటుంది. మూత మీద అద్దం పరిచారు. ఆ అద్దం మీద అలబాస్టర్ అనే మెత్తని తెల్లరాతిలో చెక్కిన తామరలు పెట్టారు. కాస్త వంగి చూస్తే పూరేకుల అడుగుభాగం కూడా కనబడుతుంది. పువ్వు కింద మరో పువ్వు, అచ్చం కొలనులో తేలుతున్నట్టే. అసలు నీళ్లు మాత్రం మూత కింద ఉంటాయి.

రాతిని నీటి మీద తేలుతున్నట్టు చూపించాలంటే మామూలుగా శిల్పి అలలు చెక్కుతాడు, నురగ చెక్కుతాడు, ఆకుల మీద నీటిబొట్లు కూడా చెక్కుతాడు. ఇక్కడ అవేవీ లేవు. ఉలి పువ్వు వరకు వచ్చి ఆగిపోయింది, నీటి పని అద్దానికి అప్పజెప్పింది. ఈ చర్చిలో ఏ మూల చూసినా ఇదే పద్ధతి. సగం పని ఉలిది, మిగతా సగం ఆ వస్తువుదే.

ఈ తొట్టిని చెక్కింది సారా లాష్. ఆ పనిలో ఆమెకు బంధువు విలియం లాష్ కూడా చెయ్యి కలిపాడు. చర్చి మొత్తానికి రూపం ఊహించి, స్థలమిచ్చి, డబ్బు పెట్టి, పనివాళ్ల పక్కన నిలబడి కట్టించింది కూడా ఆమే. మన వాడుకలో స్థపతి అంటే పని రూపకల్పన చేసి నడిపించేవాడు, శిల్పి అంటే ఉలి పట్టేవాడు. అయినా ఆ రెండు మాటల మధ్య గోడేమీ లేదు. స్థపతి ఒకప్పుడు ఉలి పట్టి పని నేర్చినవాడే. 19వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో మాత్రం ఆ గోడ అప్పుడే లేస్తోంది. 1834లో లండన్‌లో ఆర్కిటెక్టులు తమకంటూ ఒక సంస్థ పెట్టుకున్నారు. ఆర్కిటెక్ట్ అంటే బల్ల ముందు కూర్చుని గీసే పెద్దమనిషి, రాతిదుమ్ము అంటేది మేస్త్రికి. ఆ సంస్థ తొలిసారి ఒక స్త్రీని, ఎథెల్ చార్ల్స్‌ని, సభ్యురాలిగా చేర్చుకున్నది 1898లో. అప్పటికి సారా చనిపోయి 45 ఏళ్లు. బతికున్న రోజుల్లో ఆమెను ఆర్కిటెక్ట్ అని పిలవడానికి ఎవరికీ మాటే దొరకలేదు. బహుశా ఆ మాట లేకపోవడమే ఆమెకు కలిసొచ్చింది.

సారాకు బాప్టిజం ఇచ్చింది 1786 జనవరిలో. లాష్‌లు రియా దగ్గర వుడ్‌సైడ్ అనే ఇంట్లో ఉండే భూస్వాములు. అయితే డబ్బు భూముల నుంచి వచ్చింది కొంతే. తండ్రి జాన్ లాష్, ఆయన తమ్ముళ్లు కలిసి టైన్ నది ఒడ్డున వాకర్ దగ్గర సోడా కార్ఖానా నడిపారు. ఉప్పు, సున్నపురాయి, బొగ్గు వాడి సోడా తీసే లెబ్లాంక్ పద్ధతిని బ్రిటన్‌లో మొదట పట్టుకున్నవాళ్లలో వీళ్లు ఒకరు. తర్వాత ఇనుప పని కూడా మొదలైంది. చిన్నాన్న విలియం లాష్ 1816లో జార్జ్ స్టీవెన్సన్‌తో కలిసి రైలు పట్టాల మీద పేటెంట్ తీసుకున్నాడు. ఇంకో చిన్నాన్న జేమ్స్ న్యూకాజిల్‌లో న్యాయవాది, కవులు వర్డ్స్‌వర్త్, కోల్‌రిడ్జ్‌లకు స్నేహితుడు. అంటే ఇంట్లో ఒకవైపు కొలిమి, ఇంకోవైపు కవిత్వం. ఆ ఇంట్లో సారా లాటిన్, గ్రీకు, ఫ్రెంచి, ఇటాలియన్, గణితం నేర్చుకుంది. 1814లో తండ్రి పోయాక ఆస్తి వ్యవహారం సారా, చెల్లెలు క్యాథరిన్ చేతికి వచ్చింది. ఇద్దరూ పెళ్లి చేసుకోలేదు. 1817లో కలిసి ఫ్రాన్స్, ఇటలీ తిరిగొచ్చారు. రోమ్ చూశారు, తవ్వి తీస్తున్న పాంపే ఊరి వీధుల్లో నడిచారు.

వాళ్లు చూసి వదిలెయ్యలేదు. సారా రియాలో బడి కట్టించింది. బడిపంతులుకు ఇల్లు కావలసివస్తే పాంపేలో చూసిన ఇంటి నమూనాలో ఒక చిన్న ఇల్లు లేపింది. అగ్నిపర్వతపు బూడిదలోంచి బయటపడ్డ ఇంటి నమూనా వానలు కురిసే కంబర్లాండ్‌లో ఒక పంతులు కాపురానికి పనికొచ్చింది. ఇది విడ్డూరంగా అనిపించవచ్చు. కానీ ఆమె చదువు సాగిన తీరే అది. ఒక రూపం నచ్చితే దాన్ని పుస్తకంలో గీసుకుని ఊరుకోదు. చిన్నగానైనా సరే, ఊళ్లో ఎవరికో ఒకరికి పనికొచ్చేట్టు కట్టి చూస్తుంది. అమ్మానాన్నల జ్ఞాపకంగా నిలబెట్టిన రాతి స్తంభానికి నమూనా కార్లైల్‌కు ఈశాన్యాన బ్యూకాజిల్‌లో ఉన్న ఆంగ్లో-సాక్సన్ కాలపు శిలువ స్తంభం. కార్న్‌వాల్ తీరంలో శతాబ్దాలుగా ఇసుకలో కూరుకుపోయిన సెయింట్ పిరాన్ ప్రార్థనశాలను 1835లో తవ్వి తీశారు. దాని పోలికలో శ్మశానానికి ఒక చిన్న గుడి కట్టించింది.

ఆ 1835లోనే క్యాథరిన్ చనిపోయింది. సారాకు అప్పటికి యాభై దగ్గర పడుతోంది. రెండు దశాబ్దాల పాటు ప్రతి పనీ ఇద్దరూ కలిసి చేసినవాళ్లు. ఆ తర్వాత సారా కట్టినవన్నీ ఒక్క మనిషి లేని లోటు చుట్టూ తిరుగుతాయి. ఆ దుఃఖాన్ని కన్నీళ్లు కార్చే దేవదూతల్లో మాత్రం పెట్టలేదు.

రియాలో పాత చర్చి చెమ్మ పట్టి శిథిలమై ఉంది. 1840లో సారా ఒక మాట చెప్పింది. కొత్త స్థలం ఇస్తాను, కట్టడం ఖర్చు నాదే, అయితే ఎలా కట్టాలో నా ఇష్టం, ఎవరూ అడ్డు చెప్పకూడదు. ఆ ఊరి వ్యవహారాలు చూసేది పన్నెండు మంది పెద్దలు, అందరూ వాళ్లను ‘రియా పన్నెండుగురు’ అనేవారు. వాళ్లు సరేనన్నారు. రెండేళ్లలో, 1842 నాటికి, చర్చి నిలబడింది.

ఆ రెండేళ్లు ఇంగ్లండ్‌లో ఎలాంటివో గుర్తు చేసుకోవాలి. కాలిపోయిన పార్లమెంటును గోథిక్ శైలిలో మళ్లీ కట్టడం 1840లోనే మొదలైంది. క్రైస్తవానికి కోసుగా లేచిన ఆర్చి తప్ప ఇంకోటి తగదని పుజిన్ అనే ఆర్కిటెక్టు పుస్తకాలు రాస్తున్నాడు. కేంబ్రిడ్జ్ కుర్రాళ్లు సంఘం పెట్టుకుని ఏ చర్చిలో ఏ కిటికీ ఉండాలో తీర్పులిస్తున్నారు. వీటన్నిటికీ పక్కగా సారా గుండ్రటి ఆర్చిని పట్టుకుంది. తన శైలికి ఆమె చెప్పుకున్న పేరు తొలి సాక్సన్, లేదా కాస్త మార్చిన లొంబార్డ్. ఎందుకంటే అది సాదా, ఖర్చు తక్కువ. మాట చాలా వినయంగా ఉంది. కట్టడాన్ని చూస్తే ఆ వినయం వెనక ఎంత మొండితనం ఉందో తెలుస్తుంది.

బయటి నుంచి చూస్తే పొడవాటి ఇసుకరాతి పెట్టె, తూర్పు కొసన అర్ధవలయంగా ఉబ్బిన గోడ, పైన చిన్న కిటికీల వరస. అంతే. ఎత్తైన గోపురం లేదు. ఆర్భాటమంతా చూరు కింద, కిటికీల అంచుల మీద. వాననీళ్లు వదిలే తూముల చివర సాధారణంగా రాక్షస ముఖాలు పెడతారు. ఇక్కడ తాబేలు, పాము, మొసలి. నీళ్ల దగ్గర బతికే జీవాలు నీళ్ల పని చేస్తున్నాయి.

పడమటి ముఖం దగ్గర ఆగాలి. తలుపు మీది గుండ్రటి ఆర్చి, దాని పైన మూడు కిటికీలు, ఒక్కో దాని చుట్టూ రాతిపట్టీ. ఆ పట్టీల్లో ఒక్క సాధువు లేడు, బైబిలు కథ ఒక్కటీ లేదు. ఉన్నవి గోధుమ కంకులు, గసగసాల కాయలు, పైన్ కాయలు, పేడపురుగు, సీతాకోకచిలుక, గుడ్లగూబ, చుట్టలు తిరిగిన అమ్మోనైట్ శంఖాలు, పగడాలు. ప్రతిదీ అరచేతిలో పట్టేంత. దూరం నుంచి చూస్తే ఏదో అల్లిక అనిపిస్తుంది, దగ్గరికి వెళితేనే అల్లికలో ప్రాణులు కనిపిస్తాయి. రాయిని లోతుగా తొలచలేదు. అంచు మొద్దుగా వదిలి లోపలి గీత మాత్రం పదునుగా తీశారు. ఊరి మేస్త్రి చెయ్యి ఎంతవరకు సాగుతుందో అంతవరకే అడిగినట్టుంది.

ఊరి మేస్త్రి అన్నది ఊరికే అనడం లేదు. ఇక్కడ రాతిపని చేసినవాడు రియా వాడే, విలియం హిండ్సన్. నేర్చుకురమ్మని సారా అతన్ని ఇటలీ పంపించిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. చెక్కపనిలో సారా తోటమాలి రాబర్ట్ డొనాల్డ్ చెయ్యి ఉంది. తోటమాలికి ఆకు తెలుసు. కొమ్మ ఎక్కడ వంగుతుందో, మొగ్గ ఏ కోణంలో పొడుచుకొస్తుందో కత్తిరింపు పట్టినవాడికి తెలిసినంతగా లండన్ శిల్పికి తెలియదు. పేరున్నవాళ్లను తెప్పించే స్తోమత ఉండి కూడా ఆమె ఇంటి చుట్టూ ఉన్న చేతులనే నమ్ముకుంది.

సీతాకోకచిలుక ఎందుకు? గ్రీకులో ఆత్మకూ సీతాకోకచిలుకకూ ఒకే మాట, సైకీ. గ్రీకు చదువుకున్న సారాకు అది తెలియకుండా ఉండదు. కంకిలో గింజ రాలి మళ్లీ మొలుస్తుంది, గసగసాల కాయ నిద్రపుచ్చుతుంది, గొంగళి గూడులోంచి రెక్కలతో వస్తుంది. పాస్టరు ఆదివారం చెప్పే పునరుత్థానం గురించే తలుపు చెబుతోంది. చదువు రాని రైతు కూడా చదవగలిగే అక్షరాల్లో చెబుతోంది, అంతే తేడా.

లోపలికి అడుగు పెడితే ముందు చీకటి. కళ్లు అలవాటుపడేదాకా నిలబడాలి. కిటికీల్లో రంగుటద్దాల ముక్కలు ఉన్నాయి. కొత్త అద్దం న్యూకాజిల్‌లో విలియం వేల్స్ పని. దానితో పాటు ఫ్రాన్సు నుంచి తెప్పించిన పాత అద్దాల ముక్కలూ కలిపి కూర్చారు. తూర్పు కొసన అర్ధవలయపు గోడలో చిన్న కిటికీలున్నాయి. అక్కడ అద్దం బదులు ఆకుల ఆకారాలు తొలిచిన పల్చటి అలబాస్టర్ పలకలు. గోడలోంచి వెలుగే ఆకులై మొలిచినట్టుంటాయి. ఆ ఆకులు తోటలోవి కావు. బొగ్గు గనుల్లో రాయిగా మారి దొరికే ఆదిమకాలపు ఫెర్న్ మొక్కలవి. 1831 నుంచి 1837 వరకు లిండ్లీ, హట్టన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు బ్రిటన్ శిలాజ వృక్షాల బొమ్మలతో సంపుటాలు తెచ్చారు. హట్టన్ న్యూకాజిల్ మనిషి. లాష్‌ల కార్ఖానా ఉన్న ప్రాంతమే.

ఇక్కడ నాకు ఈ చర్చి అంతటిలోనూ లోతైన పని కనిపిస్తుంది. లాష్ కుటుంబం డబ్బు బొగ్గులోంచి వచ్చింది. వాకర్‌లో కొలిమి మండితే సోడా, సోడా అమ్మితే ఆస్తి, ఆస్తితో ఈ చర్చి. బొగ్గు అంటే కోట్ల ఏళ్ల కింద ఎండ తాగి పెరిగిన మొక్క. ఆ మొక్కను తెచ్చి సారా ప్రార్థన జరిగే చోట తూర్పు వెలుగుకు అడ్డంగా పెట్టింది. మళ్లీ ఎండ తగిలింది. శిలాజాలు భూమి వయసును లక్షల ఏళ్లకు జరుపుతుంటే ఎందరో పాస్టర్లకు గుబులు పుట్టిన రోజులవి. ఆమెకు గుబులు కలగలేదు, వాటిని కిటికీల్లో బిగించింది. పలకను తొలిచింది ఉలి. ఆకును ఆకుగా చేస్తున్నది పొద్దు. మబ్బు పడితే బొమ్మ మసకబారుతుంది.

ప్రసంగ వేదికకు కొత్త చెక్క తేలేదు. బురదనేలలో వేల ఏళ్లు మునిగి నల్లబడిన ఓక్ మానును తీసుకున్నారు. దాన్ని లోపల తొలిచి పాస్టరు నిలబడే చోటు చేశారు, బయట మాను మానులాగే ఉంది. పాస్టరు చెట్టు తొర్రలోంచి మాట్లాడుతున్నట్టుంటుంది. ఇక్కడ కాలం చేసిన నలుపును ఏ రంగూ తేలేదు కాబట్టి వడ్రంగి తక్కువ పని చేశాడు. బైబిలు పెట్టే రెండు పీటలు పక్షుల రూపంలో ఉన్నాయి. బలిపీఠం ఇటలీ పచ్చ పాలరాతి పలక, దాన్ని రెండు ఇత్తడి గద్దలు రెక్కల మీద మోస్తున్నాయి. వెనక అర్ధవలయంలో పద్నాలుగు స్తంభాలు, వాటి మధ్య పదమూడు ఆసనాలు. క్రీస్తుకు ఒకటి, పన్నెండుగురు అపొస్తలులకు పన్నెండు. ఆసనాలు ఖాళీగా ఉంటాయి. బొమ్మలు చెక్కి కూర్చోబెట్టవచ్చు, పెట్టలేదు. కూర్చున్నవాళ్లను ఊహించే పని భక్తుడిది.

పైన్ కాయ ఈ చర్చిలో పల్లవిలా మళ్లీ మళ్లీ వస్తుంది. పొలుసుల వరసలు సర్పిలంగా తిరిగే ఆ ఆకారం చెక్కేవాడికి పరీక్ష, ఒక పొలుసు కొలత తప్పితే కాయంతా వంకర పోతుంది. రోమ్‌లో వాటికన్ ప్రాంగణంలో మనిషికి రెండింతల ఎత్తున్న పురాతన కాలపు కంచు పైన్ కాయ ఒకటి ఉంది. అయితే రియాలో ఆ కాయకు ఇంకో కథ ఉంది. సారా కుటుంబ మిత్రుడు మేజర్ విలియం థెయిన్ అనే సైనికాధికారి అఫ్గాన్ యుద్ధంలోకి వెళ్లాడు. అక్కడి నుంచి పైన్ కాయ ఒకటి పంపాడు, సారా ఆ గింజలు ఊళ్లో నాటింది. 1842 జనవరిలో బ్రిటిష్ సేన కాబూల్ వదిలి మంచులో వెనక్కి మళ్లినప్పుడు కొండ కనుమల్లో దాదాపు అందరూ తుడిచిపెట్టుకుపోయారు. థెయిన్ కూడా అక్కడే పోయాడు. సారా అతనికి రాతి పైన్ కాయతో గుర్తు పెట్టింది. చర్చి గోడల్లో అక్కడక్కడ బాణాలు కూడా నాటి ఉంటాయి. అవీ అతని కోసమేనంటారు. కట్టడం పూర్తవుతున్న ఏడాదే ఈ వార్త వచ్చింది. ప్రణాళిక ముందే గీసి ఖాయం చేసుకున్న ఆర్కిటెక్టు అయితే, ఆ దుఃఖానికి కట్టడంలో చోటు దొరికేది కాదు.

1844లో సారా సముద్ర తీరాన న్యూటన్ ఆర్లోష్‌లో పాడుబడ్డ కోటలాంటి పాత చర్చికి మళ్లీ ప్రాణం పోసింది. అక్కడ పాత గోడలకు లొంగి పని చెయ్యాలి, రియాలో ఉన్నంత ఏకసూత్రత అక్కడ లేదు. నిజం చెప్పాలంటే రియాలోనూ లోటుంది. వెలుగు తక్కువ, పాటల పుస్తకం చదవడానికి ఇబ్బందే. సంకేతాలు ఒకదాని మీద ఒకటి కుప్పపడి కొన్నిచోట్ల ఊపిరాడనివ్వవు. తామర, గద్ద, పైన్ కాయ, శంఖం, తాటిచెట్టు అన్నీ ఒకే పైకప్పు కింద అంటే సంత అయిపోవాలి. అవ్వకుండా పట్టి ఉంచింది ఆ సాదా గోడలే. ఖర్చు తక్కువని ఆమె చెప్పిన పెట్టెలాంటి ఆకారమే ఈ సంపదంతా మోస్తోంది.

1850లో చెల్లెలి కోసం సమాధి మందిరం కట్టింది. ఇక్కడ ఆమె పద్ధతి తలకిందులైంది. పెద్ద పెద్ద మొరటు బండలు, చెక్కడం దాదాపు లేదు, ఒకదాని మీద ఒకటి మోపినట్టుంటాయి. ఆదిమానవులు పేర్చారేమో అనిపిస్తుంది. ఆ మొరటు గదిలో తెల్ల పాలరాతి క్యాథరిన్ కూర్చుని ఉంది. ఆ బొమ్మ చెక్కింది డేవిడ్ డన్‌బార్. ఇటలీ ప్రయాణంలో సారా గీసుకున్న చెల్లెలి బొమ్మ దానికి ఆధారం. చర్చిలో ప్రతి అంగుళానికీ పువ్వో పురుగో పెట్టిన మనిషి ఇక్కడ రాయిని ముట్టుకోలేదు. దుఃఖంలో సగం పని కూడా ఉలికి ఇవ్వలేదు. బండ బరువే మాట్లాడుతుంది.

సారా 1853లో చనిపోయింది. ఊళ్లో చర్చి పక్కనే, క్యాథరిన్ ఉన్న సమాధిలోనే ఆమెనూ ఉంచారు. ఆ తర్వాత పేరు మరుగునపడింది. కారణాలు సులువే. బయటివాళ్ల దగ్గర పని ఒప్పుకోలేదు, పోటీల్లో పాల్గొనలేదు, డ్రాయింగులు అచ్చు వెయ్యలేదు. కట్టినవన్నీ సొంత డబ్బుతో, దాదాపు అన్నీ ఒక్క ఊళ్లో, ఆ ఊరి పని ఒక పూటలో నడిచి చూసెయ్యొచ్చు. 1869లో కవి, చిత్రకారుడు రోసెట్టి అటు వెళ్లి ఆ కట్టడాలు చూసి ముగ్ధుడయ్యాడు. 1873లో హెన్రీ లాన్స్‌డేల్ ఆ జిల్లా ప్రముఖుల జీవితచరిత్రల్లో ఆమెకు చోటిచ్చాడు. ఆయన చేతిలో ఉన్న సారా డైరీలు ఆపైన కనబడకుండా పోయాయి. 1967లో కట్టడాల చరిత్రకారుడు పెవ్స్నర్ ఈ చర్చిని మళ్లీ లోకం కళ్లకు తెచ్చాడు. 2012లో జెన్నీ అగ్లో ఆమె జీవితాన్ని పుస్తకంగా రాసింది. పుస్తకం పేరు ‘ది పైన్‌కోన్’.

డైరీలు పోతేనేం, మనిషి పట్టుబడే చోటు ఇంకోటుంది. ఉలి ఎక్కడ ఆగిందో చూస్తే చాలు. రియాలో ఎవరి బిడ్డకైనా బాప్టిజం ఇచ్చే రోజు ఆ అద్దపు మూతను తొట్టి మీద నుంచి ఎత్తి పక్కన పెట్టాలి. ఇంత నైపుణ్యంతో తేల్చిన తామరలు అక్కరకు రాకుండా పక్కకు జరుగుతాయి. అవి అడ్డు తొలగితేనే పాస్టరు చెయ్యి నీళ్లకు అందుతుంది.